దెయ్యానికి ఇంటిపేరు అడిగినోణ్ణి

మొన్న నా ఉద్యోగం ఏటయిపోనాదో ఇంటే మీరు ఈ టీ తాగనేరు, ముక్కులోంచి వచ్చేత్తాది. ముందు గ్లాసులు కింద ఎట్టండి. నవ్వొద్దు. నవ్వితే నాను సెప్పను. సర్లెండి, నవ్వండి! ఇంట్లో మా ఆవిడ ఎలాగూ నవ్వుతానే ఉంది, మీరొక్కళ్లు ఆగితే నాకేటి ఒరిగింది?

సాక్చీలో దోమల మందు గోడౌన్లో పని సేత్తన్నానని మీకు సెప్పేను కదా. ఇన్నేళ్లూ అదే సెప్పేను. అబద్దం. అక్కడ దోమల్లేవు, మందూ లేదు. మీకైనా అనుమానం రావద్దా? అంత మందుంటే సీతారాండేరాలో అన్ని దోమలు ఎందుకున్నాయని ఒక్కడైనా అడిగేడా? బయట బోర్డు దోమలది. లోపల బోర్డు వేరే. 'అదృశ్య ఉపద్రవ నివారణ విభాగం' అని హిందీలో రాసుంటాది. నోరు తిరగదు. మాలో మేం భూత్ డిపార్టుమెంటు అనుకుంటాం.

ఏటలా సూత్తారు? కలరాకి డిపార్టుమెంటుంది, మలేరియాకి ఉంది, దెయ్యాలకి ఉంటే తప్పొచ్చిందేటి? సర్కారన్నాక అన్నీ ఉంటాయి.

మాకు ఢిల్లీ నుంచి వచ్చే సామానేటో తెలుసా? ఇనప మేకులు! దెయ్యాలకి ఇనుమంటే బయమని అక్కడెవుడో పెద్దాయన కుర్చీలో కూకుని రాసేసేడు. ఏ పల్లెటూరి దెయ్యానికో బయమేమో గానీ, ఈ జంషెడ్‌పూర్ దెయ్యాలు ఇనుములోనే బతికి ఇనుములోనే సచ్చేయి బాబూ! ఫర్నేసు దగ్గర జీవితమంతా మాడినోడు సచ్చి దెయ్యమైతే, ఆడి మొకం ముందు మేకు ఊపితే బయపడతాడా? ఒకడైతే ఆ మేకు సేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి సూసి, "రిజెక్ట్ మాల్ హై" అని మా మీదకే ఇసిరికొట్టేడు. కార్ఖానా దెయ్యాలు ఒక్క భోంపుకే, అదే సైరన్‌కే, లొంగుతాయి. కార్ఖానా భోంపు మోగిందా, షిఫ్టు అయిపోనాదని లేసి ఎళ్లిపోతాయి. మళ్లీ ఆళ్ల షిఫ్టుకి ఆళ్లొచ్చేత్తారు. బతికున్నప్పుడు నాగా ఎట్టినోళ్లు కూడా సచ్చేక డూటీ తప్పరు.

మా అసలు ఆయుధం జాడీ. అవును, ఆవకాయ జాడీయే. దెయ్యం పేరు తెలుసుకోవాల. జాడీ మూత తీసి, పేరెట్టి పిలవాల. అది "ఆఁ" అని పలికిందా, సర్రుమని లోపలికి జారిపోద్ది. మూతెట్టి, ఎర్రగుడ్డ కట్టి, లక్క సీలేసి, గూడ్సు బండిలో పంపించేత్తాం. అక్కడేటి సేత్తారో మాకు తెలీదు. ఒకసారి ఒక ఇంజినీరు దెయ్యం జాడీ పొరపాట్న నిమ్మకాయ పచ్చడని ఎవులింటికో ఎళ్లిపోనాదంట. ఆ ఇంటి ముసలాయన ఇప్పటికీ పాలోడు కనపడితే "గెటౌట్" అంటాడని సెప్పుకుంటారు.

ట్రైనింగులో మాకు ఒక్క రూలు మాత్రం మొట్టికాయలేసి నేర్పేరు. దెయ్యంతో వరస కలపకు. భాయీ అనకు, మాయీ అనకు, చాచా అనకు. ఒక్కసారి వరసెట్టి పిలిచేవా, అది మీ ఇంటి మనిషైపోద్ది. అప్పుడు జాడీ పన్చెయ్యదు. సర్కారు కూడా సెయ్యెట్టదు, ఎందుకంటే అప్పుడది ఘరేలూ మామ్లా. మీ ఇంట్లో కొట్లాటయి ఠాణాకెళ్తే ఏటంటారు? "ఇది ఇంటి గొడవ, ఇంట్లోనే తేల్చుకోండి" అని తరిమేత్తారా లేదా? దెయ్యాల కాడా అదే.

ఇహ నా సంగతి. పెళ్లికి ముందు టెంపరరీ, పెళ్లయ్యేక టెంపరరీ, ఆడగుంట పుట్టి బడికెళ్తన్నా టెంపరరీ. భాలుబాసాలో మా గదికి కుళాయి లేదు. మా ఆవిడ రవణమ్మ తెల్లారి లేత్తే వీధి కుళాయి దగ్గర బకెట్టుతో యుద్దానికెళ్లాల. ఒకరోజు కొప్పు ఊడి వత్తాది, ఒకరోజు బకెట్టు సొట్టపడి వత్తాది. పర్మినెంటైతే క్వార్టరిత్తారు, క్వార్టర్లో కుళాయి లోపలే ఉంటాది. "నాకు బంగారం వద్దు, సీరలొద్దు. ఇంట్లో తిప్పితే నీళ్లు రావాల. అంతే. అది కూడా సెయ్యలేవా?" అని రోజూ అడుగుతాది. రోజూ!

అలాటప్పుడు మా ఝా సాబు పిలిచేడు. ఆయన మా గోడౌన్‌కి పెద్ద, నోట్లో పాన్ తియ్యకుండానే జీతమంతా సంపాదించేసిన మనిషి. "జోగారావ్, భుయ్యాడీహ్ మే ఏక్ బుఢియా హై. తెలుగు మే గాలీ దేతీ హై. తుమ్ జావ్" అన్నాడు. తెలుగులో తిడతంది కాబట్టి నన్నెళ్లమన్నాడు. భుయ్యాడీహ్‌లో నది వేపు వరస గదులున్నాయి కదా, ఆ సివరి గది గుమ్మంలో ఒక ముసల్దాని దెయ్యం కూకుందంట. గుమ్మం దాటబోయిన వాళ్ల జుట్టు పీకేత్తంది. మూడు కాపురాలు ఖాళీ సేసి పారిపోనాయి. మా పాండేజీని పంపితే, ఆయన మెడ పట్టుకుని ఎనక్కి తిప్పేసింది. మనిషి బాగానే ఉన్నాడు గానీ మొకం మాత్రం వీపు వేపుంది. ఇప్పుడాయన్ని గోడౌన్ గేటు దగ్గర కూకోబెట్టేరు. కుర్చీ బయటికి, మొకం లోపలికి. ఇంటికెళ్లమంటే "పెళ్లానికి ఏటని సెప్పను" అని ఏడుత్తాడు.

నా మెడ ఓసారి తడుముకున్నాను. "మెడ తిరిగిపోతే సాబ్?" అన్నాను.

"తిరక్కపోతే పర్మినెంటు" అన్నాడు ఝా సాబు. పట్నా నుంచి పెద్దసాబు వత్తన్నాడంట. ఒక్క పోస్టు శాంక్షనయిందంట. ఈ కేసు నెగ్గితే ఆ పోస్టు నాదేనంట.

ఇంకేటి? రవణమ్మకి సెప్పేసేను. ఆవిడ ఆనందం సూడాల! అప్పుడే కుళాయి కింద ఎట్టడానికి కొత్త బిందె కూడా తోమేసింది.

మర్నాడు మజ్జాన్నం బోయనాలయ్యేక, రెండో షిఫ్టు భోంపు మోగిన కాసేపటికి జీపులో ఎళ్లేం. ఝా సాబు జీపు దిగలేదు. "నేను ఇక్కణ్ణించి సూపర్‌వైజ్ సేత్తాను" అని అద్దాలు పైకెత్తేసుకున్నాడు. నాను ఆఫీసు కాటిక కళ్లకి ఎట్టుకుని, జాడీ సంకనెట్టుకుని ఎళ్లేను. ఆ కాటిక ఎట్టుకుంటేనే దెయ్యాలు కనపడతాయి.

కనపడింది. గుమ్మం మీద కాళ్లు సాపుకుని, వీధికేసి సూత్తా కూకుంది. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు ముడేసుకుంది. మూలుగుతున్నట్టు ఏదో గొణుక్కుంటంది. పాదాలు మాత్రం ఎనక్కున్నాయి.

"ఎవుడ్రా నువ్వు, సచ్చినోడా!" అంది.

సచ్చింది తను, తిట్టింది నన్ను! అయినా ఆ తిట్టు ఇనేసరికి నాకు బయం సగం పోనాది. అచ్చం మా నాయనమ్మ తిట్టినట్టే తిట్టింది. మూత తీసేను. మెల్లగా అడిగేను, "పేరేటమ్మా?"

"సూరీడమ్మ. ఏం? కబురు తెచ్చేవా?"

అయిపోనాది! పేరొచ్చేసింది. ఇక్కడ నాను "సూరీడమ్మా" అని పిలిచేసి, మూతెట్టేసి, ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని పడుకుంటే ఈరోజు మీకు జిలేబీలు తినిపిద్దును. కానీ మీరే సెప్పండి. ఈ ఊళ్లో తెలుగోడు ఇంకో తెలుగోళ్ల పేరడిగి అక్కడితో ఆగిపోవడం ఎక్కడన్నా సూసేరా? టేసన్లో బండి దిగినోణ్ణి కూడా 'ఏ ఊరు, ఎవుళ్లోలు, ఇంటిపేరేటి' అని అడిగేకే మంచినీళ్లు కావాలా అని అడుగుతాం. నా నోరు దానంతటదే ముందుకెళ్లిపోనాది.

"ఏ ఊరమ్మా మనది?" అన్నాను.

"టెక్కలి పక్కన, చినమల్లిపేట."

"చినమల్లిపేటా! మా నాయినదీ అదే ఊరు! ఎవుళ్లోలు?"

"అత్తోరు బొడ్డోళ్లు. పుట్టింటోరు సీపానోళ్లు."

జీపులోంచి ఝా సాబు హారన్ కొట్టేడు. నాకెక్కడ ఇనపడుద్ది? ఒళ్లు పులకరించిపోతంటేను! "ఏ సీపానోళ్లు? సెరువు కాడోళ్లా, రాయి కాడోళ్లా?"

"రాయి కాడ సీపాన అప్పన్న కూతుర్ని."

"ఓలమ్మో! అప్పన్నంటే మా తాత తమ్ముడే! నాను సీపాన జోగారావుని! మా నాయిన నీకు అన్నవుతాడు. మరైతే నువ్వు నాకు..."

"జోగారావ్! నహీఁ!" అని ఝా సాబు అద్దం దింపి అరిసేడు. అరిసినప్పుడు పాన్ మొత్తం జీపు తలుపు మీద పడింది.

"మేనత్తవి కదా! అత్తా!" అన్నాను.

సంకలో జాడీ టప్పుమని నిలువునా పగిలింది.

ఆవిడ లేచి నిలబడింది. నన్నే సూసింది. సూసి సూసి బోరుమంది. "వచ్చేరా నాయినా! నా పుట్టింటోళ్లు వచ్చేరా! అమ్మోరి సంబరానికి తీసుకెళ్తామని కబురెట్టేరు. మూట కట్టుకుని ఈ గుమ్మంలోనే కూకున్నాను. రేపు వత్తారు, మాపు వత్తారు అనుకుంటంటే జరమొచ్చింది. ఎవుడూ రాలేదు రా. ఒక్కడూ రాలేదు. పుట్టింటోళ్లు రాని గుమ్మంలోంచి పైవాళ్లు తిరుగుతంటే నాకు మండదా?"

అవును, నవ్వే కత సెప్తన్నాను, నాకు తెలుసు. కానీ అప్పుడు నాకూ కళ్లమ్మట నీళ్లు కారిపోనాయి. మనూరిని ఒదిలి ఇంత దూరం వచ్చి, మనోళ్లు వత్తారని సూసి సూసి పోవడమంటే ఎంత అన్యాయం! కాటిక మొకమంతా కారిపోనాది. దెయ్యం నన్ను సూసి, "ఏట్రా అలా ఉన్నావు, దెయ్యంలాగ" అంది.

ఝా సాబు ఇంక దిగేడు. దూరంగా నిలబడే తిట్టేడు. "అబ్ యే ఘరేలూ మామ్లా హో గయా! లే జావ్ అప్నీ బువా కో!" నీ అత్తని నువ్వే తీసుకుపో అన్నమాట. పెద్దసాబు వచ్చేలోగా ఆవిణ్ణి ఎలాగైనా సాగనంపితే సరే, లేకపోతే పోస్టు మాట మర్సిపోమన్నాడు. పోనీ జీపులో దింపండి సాబ్ అంటే, సర్కారీ జీపులో ఫ్యామిలీని ఎక్కించుకోకూడదన్నాడు!

రిచ్చా ఎక్కేం. రిచ్చావోడికి నానొక్కణ్ణే కనపడతన్నాను. కొంచెం దూరం తొక్కి, దిగి, టైర్లు నొక్కి సూసుకున్నాడు. "బాబూ, ఆప్ తో అకేలే హై, వజన్ ఇత్నా కైసే?" అన్నాడు, ఒక్కడికే ఇంత బరువేటని. "బాగా తింటాను" అన్నాను. పక్కనించి అత్త, "ఆడితో సెప్పరా, మెల్లగా తొక్కమని. పేణం పోయేలా ఉంది" అంది.

పోయేలా ఉందంట!

ఇంటి ముందు రవణమ్మ నవ్వుతా నిలబడింది. "అయిపోనాదా? పర్మినెంటేనా?"

"ఆఁ, పర్మినెంటుగా వచ్చేసింది" అన్నాను.

వరస కలిసిన ఇంటోళ్లకి కాటిక అక్కర్లేదు, దెయ్యం మామూలుగానే కనపడుద్ది. రవణమ్మ అత్తని కింద నుంచి మీదకి సూసింది. పాదాల దగ్గర ఆగింది. "బతికున్న మీవోళ్లు సాల్లేదా? ఇప్పుడు సచ్చినోళ్లని కూడా ఇంటికి తేవాలా?" అని, తోమిన కొత్త బిందె తీసుకెళ్లి మంచం కిందకి తోసేసింది. ఆ సప్పుడు నా గుండెల్లో పడింది.

ఇంట్లో అడుగెట్టిన కాడ్నించీ అత్తది ఒకటే పెత్తనం. పులుసులో బెల్లమేదంటాది. మంచం ఈ దిక్కు ఎందుకేసేరంటాది. మా గుంట లచ్చిమిని పిలిచి, "ఏటే గుంటా, తెలుగు రాదేటి నీకు?" అంటే, అది "ఆతీ హై నా బువా!" అంది, వచ్చు కదా అని హిందీలోనే. "అదిగో, వంశం నాశనమైపోనాది" అని నా నెత్తి మీద మొట్టింది. నాకేటి తెలుసు, ఈదిలో అందరూ హిందీయే మాటాడుతుంటే?

సాగనంపాలి కదా. ఆలోచించేను. పుట్టింటికొచ్చిన ఆడపడుచుని ఎలా పంపుతారు? సీరెట్టి, పసుపూ కుంకమా ఇచ్చి, సలివిడి ఒళ్లో ఎట్టి పంపుతారు. అన్నీ తెచ్చేను. సలివిడి రవణమ్మే కొట్టింది, రోటిలో పిండి బదులు నన్నేసినట్టు కొట్టింది. అత్త సీర సూసి మురిసిపోనాది. సలివిడి వాసన సూసి కళ్లు మూసుకుంది. "మరి బయల్దేరతావా అత్తా?" అన్నాను. "సుక్కురారం ఆడపిల్లని పంపుతారేట్రా, లచ్చిమీదేవిని గెంటినట్టు!" అంది. సరే, శనివారం అడిగేను. శనివారం ప్రయాణమేట్రా అంది. ఆదివారం అమావాసంది. మంగళవారం అడిగితే కొట్టడానికొచ్చింది. ఆవిడ లెక్కలో ఆడపిల్లని పుట్టింట్లోంచి పంపే వారం దేవుడింకా పుట్టించనే లేదు.

ఈలోగా ఇంకో గోరం జరిగిపోనాది. రవణమ్మ ఆవిడ పార్టీలో కలిసిపోనాది! ఒకరోజు అత్త తనే "పదవే, నీళ్లకి నానొత్తాను" అని ఈవిడతో కుళాయి దగ్గరికెళ్లింది. లైన్లో నిలబడ్డోళ్లకి అత్త కనపడదు కదా. ముందున్న బకెట్టు దానంతటదే ఎగిరి డ్రెయిన్లో పడింది. ఒకావిడ రవణమ్మని తిట్టబోతే, ఆ తిట్టినావిడ కొప్పు పైకి నిటారుగా లేసింది. కాసేపటికి కుళాయి దగ్గర రవణమ్మొక్కత్తే ఉంది. ఆరోజు నుంచి నాకు ఇంట్లో మాట సెల్లితే ఒట్టు. "ఆవిడ్ని పంపేత్తానంటే ఊరుకోను. నీ పర్మినెంటు వచ్చేదాకా నా కుళాయి ఆవిడే" అంది.

ఇంతా జరిగేక బుద్దొచ్చిందా అంటే, ఎక్కడొచ్చింది! ఇందాక ఈ బెంచీ సివర కూకున్న పెద్దాయన్ని నాను మొదట అడిగిందేటి? ఏ ఊరనే కదా? ఈసారి ఒక్క జాగర్త పడ్డాను లెండి. ముందు పాదాలు సూసేను.

పెద్దసాబు వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ సొక్కా ఏసుకుని, అత్తని పంపలేకపోయినా ఏదైతే అదయిందని బయల్దేరేను. ఎనకాల అత్త. "నువ్వెక్కడికి?" అంటే, "మేనల్లుడి ఉద్దోగానికి పుట్టింటి ఆడపడుచు లేకపోతే ఎలారా? అచ్చింతలు ఎవులేత్తారు?" అంది. కాళ్లు పట్టుకుందామనుకున్నాను. ఎటునుంచి పట్టుకోవాలో తెలీలేదు, పాదాలు ఎనకున్నాయి కదా.

గోడౌన్లో బల్లేసేరు. పెద్దసాబు అంబాసిడర్లో దిగేడు. బారీ మనిషి, మెడ మాత్రం ఒక పక్కకి వాలిపోయి ఉంది. ఎన్నో ఏళ్లుగా బుజం నొప్పంట, ఎంతమంది డాక్టర్లకి సూపించినా తగ్గలేదంట. కాటిక ఎట్టుకున్న మా అందరికీ కారణం కనపడింది. ఆయన బుజం మీద నల్లటిదొకటి కూకుంది! కోతిపిల్లంత ఉంటాది. ఆయన మెడ సుట్టూ కాళ్లేసుకుని, సెవి నములుతా ఉంది. పట్నా ఆఫీసు నుంచే తగులుకుని వచ్చింది కాబోలు.

మరి ఎవులేనా సెప్పాలి కదా? అదే కదా మా పని! దెయ్యాల డిపార్టుమెంటు పెద్దకి దెయ్యం పట్టింది సార్ అని సెప్పే మొగోడెవుడు? కాటిక మాలాటోళ్లు ఎట్టుకునేది, పట్నా ఆఫీసర్లు ఎట్టుకోరు. ఝా సాబు దాన్ని సూసి గుటకలు మింగి, "సర్, మీరు సానా ఆరోగ్యంగా ఉన్నారు" అన్నాడు. అదీ సర్వీసంటే!

పెద్దసాబు నన్ను అడిగేడు, "మన డిపార్టుమెంటులో మొదటి రూలేంటి?"

"వరస కలపకూడదు సార్" అన్నాను. ఎనకాల అత్త, "శాబాసు" అంది. ఝా సాబుకి దగ్గొచ్చింది.

ఈలోగా ఆ నల్లటిదానికి పెద్దసాబు సెవి ఇసుగొచ్చినట్టుంది. నాకేసి సూసింది. నూనె రాసిన నా తల నచ్చిందేమో, బల్ల మీదకి దిగి, ఒక్క గెంతు గెంతి నా మెడ పట్టుకుంది. మంచుగడ్డ తగిలినట్టయింది. ఊపిరాడలేదు. మాట రాలేదు. అయిపోనాదిరా జోగీ, టెంపరరీగానే పోతన్నావు అనుకున్నాను.

"నా పుట్టింటోడి మీద సెయ్యేత్తావురా!"

గోడౌన్ అదిరిపోనాది. అత్త కొంగు బొడ్లో దోపింది. దాని పిలక పట్టుకుని నా మీంచి ఊడబీకింది. పేరడగలేదు, ఊరడగలేదు. తడిబట్ట పిండినట్టు పిండి, మడతలేసి, జాడీలో కుక్కి, మూతెట్టి దాని మీదెక్కి కూకుంది. "ఎర్రగుడ్డ తేరా జోగీ, సూత్తావేటి!" అంది.

అప్పుడు పెద్దసాబు మెడ టక్కుమని నిటారుగా అయింది. ఆయన తల అటు తిప్పేడు, ఇటు తిప్పేడు. కళ్లలో నీళ్లు తిరిగేయి. ఏటయిందని అరిసేడు. ఝా సాబు ఇంక గతిలేక కాటిక డబ్బీ అందించేడు. పెద్దసాబు తొలిసారి ఎట్టుకున్నాడు, జాడీ మీద కూకున్న అత్తని సూసేడు. అత్త ఈలోగా గేటు దగ్గర పాండేజీని కూడా పిలిచి, "రా నాయినా, ఆరోజు కోపంలో తిప్పేసేను" అని ఆయన మెడ కూడా సరిసేసింది. పాండేజీ తన పొట్ట తను సూసుకుని ఆనందంతో ఏడ్సేడు.

"యే కౌన్ హై?" అన్నాడు పెద్దసాబు.

"మేరీ బువా సర్" అన్నాను. ఛాతీ ఉప్పొంగిపోనాది. ఇహ పోస్టు నాదే కదా! ఇంట్లో దెయ్యాన్నెట్టుకుని, దెయ్యాన్ని దెయ్యంతోనే పట్టించినోడు ఈ దేశంలో ఇంకెవుడున్నాడు?

పెద్దసాబు నన్ను దగ్గరికి పిలిచేడు. బుజం మీద సెయ్యేసేడు. "తెలుగులో ఆవిణ్ణి అడుగు. వయసెంత?" అన్నాడు.

అడిగేను. నా సేతే అడిగించేడు మహానుబావుడు! "సచ్చినకాడ్నించి పెరగలేదని సెప్పు" అంది అత్త. సెప్పేను. అనుభవం ఉందా అన్నాడు. "ఎంతమంది మెడలు తిప్పేనో ఆ నాయిన్నే అడగమను" అని పాండేజీని సూపించింది. అదీ సెప్పేను. రాత్రి డూటీ సేత్తావా అంటే, "మరెప్పుడు సేత్తాను?" అంది. పెద్దసాబు మొకం వెలిగిపోతంది. రిటైరవ్వదు, జబ్బు సెయ్యదు, సెలవు అడగదు. అలాటి మనిషి కోసం సర్కారు ఎప్పట్నించి ఎతుకుతందో!

"ఈ ఒక్క పోస్టూ ఆవిడికే. ఒప్పుకుంటాదేమో కనుక్కో" అన్నాడు.

ఏం సేత్తాను? అడిగేను. వద్దంటాదిలే, పాతకాలం ముసలమ్మ, ఉద్దోగమేటి అంటాదిలే అనుకున్నాను. అత్త కొంగు సర్దుకుంది. "కుళాయి ఇంటి లోపలే ఉంటాదా?" అంది.

రవణమ్మ ముందే సెప్పి పంపిందని నాకప్పుడు తెలిసింది!

పోయిన వారమే క్వార్టర్లో దిగేం. తలుపు మీద పుట్టింటి ఇంటిపేరుతోనే సీపాన సూరీడమ్మ అని బోర్డు. కింద ఆవిడ మీద ఆధారపడ్డోళ్లమని మా ముగ్గురి పేర్లు, అందులో మొదటిది నాదే. రవణమ్మ కుళాయి తిప్పుతాది, కట్టేత్తాది, మళ్లీ తిప్పుతాది, నన్ను సూసి నవ్వుతాది. "ఎవులి పేరుంటే ఏటి? నీళ్లు వత్తన్నాయా లేదా?" అంటాది. నాను ఇంకా టెంపరరీయే. అత్త కింద పని, ఆవిడ జాడీ మొయ్యాల. నిన్న ఝా సాబుకి నా మీద కంప్లయింటు కూడా ఇచ్చింది, మావోడికి మూత సరిగ్గా ఎట్టడం రాదని!

ఈ ఊళ్లో కార్ఖానాలో నాయిన పోతే కొడుక్కిత్తారు, మొగుడు పోతే పెళ్లానికిత్తారు. సచ్చినోళ్ల ఉద్దోగం బతికున్నోళ్లకివ్వడం మనందరికీ తెలిసిందే. బతికున్నోడి ఉద్దోగం తీసి సచ్చినావిడికిచ్చింది జంషెడ్‌పూర్ మొత్తానికి నా ఒక్కడి కేసులోనే! అదీ నానే దగ్గరుండి, మాట పొల్లు పోకుండా, తెలుగులోంచి హిందీలోకి సెప్పి మరీ ఇప్పించేను!